నురేయి చేతిమాట

జ్యేష్ఠ శుద్ధ విదియ

మబ్బుగా ఉంది. ఆరబెట్టే చావడిలో దీపాలు వేశాను. నిమ్మరసం, పటిక, వెలిగారం పట్టించిన పసుపు ముక్కలు ఇంకా తడి వదల్లేదు. రంగు మాత్రం తిరిగింది. ఎండను నమ్ముకుని కుంకుమ చేసిన రోజులు మా అమ్మతోనే పోయాయి.

పూజ ముగించి వచ్చేసరికి సలోమి మెట్ల మీద కూర్చుని ఉంది. సముద్రం దాటి ఆశ్రయం కోరుతూ మా గట్టురేవుకు చేరేవాళ్ళను చూసుకునే ‘ఒడ్డు’ సంస్థ ఆమెది. కొండ మీది వ్యాపారాలన్నీ ఒక్కొక్కటిగా తిరుగుతోందట. మా చెల్లెలు హైమ కాఫీ ఇచ్చింది.

“ఎంత రాయమంటావు చందా?” అంది హైమ. అమ్మకాలన్నీ దానివే. మాట కూడా బేరంలాగే మొదలుపెడుతుంది.

“చందా ఎవరైనా ఇస్తారు హైమగారూ. ఇచ్చి తలుపేసుకుంటారు. నాకు తలుపు తీసేవాళ్ళు కావాలి.”

“తీస్తే మాకేంటి?”

“మనుషులు దొరకట్లేదని మీరే గోల పెడతన్నారు కదా. మనుషుల్ని ఇస్తాను. పొట్లం మీద ఒడ్డు గుర్తు వేసుకోండి. జనం చూసి కొంటారు.”

తర్వాత నా వైపు తిరిగి తనకు కావలసినవి చెప్పింది. అందరికీ ఇచ్చే కూలే వాళ్ళకూ ఇవ్వాలి. విచారణ రోజున సెలవివ్వాలి, కూలి కోయకూడదు. వారం సెలవున వాళ్ళకు తెలుగు నేర్పడానికి చావడి ఇవ్వాలి.

“ఇంకొక్కటి, పెద్దక్కగారూ. ఎలా వచ్చారో అడగొద్దు. ఆ కథ విచారణలో చెప్పుకోవాలి. వాళ్ళకు మిగిలింది అదొక్కటే. మీ అమ్మకానికి దాన్ని వాడొద్దు.”

సరేనన్నాను. మా అమ్మమ్మ కూడా ఒకనాడు నీళ్ళు తరిమితే ఈ కొండెక్కింది. కొండవాళ్ళు చోటిచ్చారు. ఏమీ అడగలేదని చెప్పేది.

జ్యేష్ఠ బహుళ తదియ

ఒడ్డు నుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరికి నిమ్మకాయలు పిండే పని. మూడో ఆమె పేరు నురేయి. నడి సముద్రంలో తేలే ఉప్పుమేడల నుంచి వచ్చింది. అక్కడ ఒక కంపెనీ ఉప్పూ మంచినీళ్ళూ తీస్తుంది, మనుషులు దాని మేడల్లోనే పుట్టి అక్కడే పోతారు. తాళ్ళు లాగిన చేతులు ఆమెవి. హైమ చూడగానే రోటి గదిలోకి పంపింది.

రోటి గదిలో దంచి, జల్లించి, పొట్లం కడతారు. మా ఇంట ఆ పని ముత్తైదువలదే. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఆ గడప దాటలేదు. ఎవరూ వద్దనలేదు. నేనే మానుకున్నాను. ఆరబెట్టడం, పాళ్ళు కలపడం నావి. పొట్లం మీద పేరు హైమది.

నురేయి ముత్తైదువేనా అని అడగలేదు. అడగొద్దన్నారు కదా అని సర్దుకున్నాను. నిజానికి మెడలో తెల్ల గవ్వల దండ చూసి, వాళ్ళ మంగళసూత్రం అలా ఉంటుంది కాబోలనుకున్నాను.

మధ్యాహ్నం గోడ అవతల నుంచి నవ్వులు వినిపించాయి.

“ఏం తిన్నావే తల్లీ, రోలు పగిలిపోద్దే!” అంటోంది దంచేవాళ్ళలో ఒకామె.

“అన్నం,” అంది నురేయి. “మీ కూర కారం. కోపం వచ్చింది. దంచుతున్నాను.”

నేనూ నవ్వాను, చావడిలో ఒక్కదాన్నే.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

వాన. కింద సముద్రంలో మునిగిన పాత సెల్ టవర్ల కొసలు కూడా కనిపించడం లేదు. పడవలు వాటికే కట్టుకుంటారు, ఈరోజు ఒక్కటీ రాలేదు. ఉపవాసం.

చావడిలో పాఠాలు జరుగుతున్నాయి. సలోమి పలక మీద ‘ఇల్లు’ అని రాస్తే, నురేయి దాని పక్కన అల గీసింది. అందరూ నవ్వారు. మంచి పని చేస్తున్నానన్న గర్వం కలిగింది. దేవుడి ముందు ఒప్పుకున్నాను. అయినా పోలేదు.

హైమ శ్రావణమాసం బేరం తెచ్చింది. నోముల సంఘాలన్నీ కలిసి మన దగ్గరే తీసుకుంటాయట.

“కానీ అక్కా, చేతిమాట మార్చాలి.”

యంత్రాలు అన్నీ చేయడం మొదలుపెట్టాక మనుషులు చేసిందేదో తెలియక వచ్చిన చట్టం ఇది. చేత్తో చేసిన ప్రతి వస్తువూ చేసిన మనిషి గొంతుతో మాట్లాడాలి. పొట్లం మీద వేలు ఆనిస్తే, ‘ఫలానా నేను దంచాను’ అని వినిపిస్తుంది. అది ప్రమాణం. కింద యజమాని ముద్ర పడాలి. మా ముద్ర నా వేలిది.

“పేర్లు చెబితే ఎవడు కొంటాడే?” అంది హైమ. “అందరి పొట్లాలూ పేర్లే చెబుతున్నాయి. నురేయిని దాని కథ చెప్పమందాం.”

“సలోమి వద్దంది.”

“మనం అడగొద్దంది. అదే చెబితే?”

అలా అడగడం కూడా అడగడమే. నాకు తెలుసు. ఊరుకున్నాను. హైమ వెళ్ళి అడిగింది. నురేయి ముఖం వెలిగిందట. ఈ ఊరొచ్చాక ఆమెను ఏమైనా చెప్పమన్నది మేమే మొదలు.

ఆషాఢ బహుళ షష్ఠి

దేవుడి గది పక్క గదిలో చేతిమాట పట్టే గొంతుపెట్టె పెట్టి కూర్చున్నాం. నేనూ, నురేయీ. హైమ రేవుకు వెళ్ళింది.

ఆమె నెమ్మదిగా చెప్పింది. “నా భర్త తాబన్. మా కింది మేడలో జ్వరం వచ్చింది. పైమేడ వాళ్ళు మాకు నీళ్ళు ఆపేశారు. తాబన్ తాళం విరిచి నీళ్ళు వదిలాడు. అందరూ తాగారు. కాపలావాళ్ళు అతన్ని పట్టుకున్నారు. రాయి కట్టి సముద్రంలోకి దించారు. మా ముందు. నేను చూశాను. దించినవాళ్ళ పేర్లు నాకు తెలుసు. అందుకే నన్ను వెతుకుతున్నారు. ఈ ఎరుపు దంచేటప్పుడు తాబన్‌ని తలుచుకుంటాను.”

పెట్టె ఆపాను. గవ్వల దండ ఏమిటని అడిగాను.

“పోయినవాళ్ళ కోసం వేసుకుంటాం, పెద్దక్కా.”

నాకు ఆమె బాధ తట్టలేదు. ముందు గుర్తొచ్చింది రోటి గది. శ్రావణమాసం కుంకుమ అంతా ఆమె చేతి మీదుగానే దంచారు. పెళ్ళిపీటల మీదికీ, నోముల పళ్ళాల్లోకీ వెళ్ళే కుంకుమ.

ఏం చేయాలో ఆలోచించాను. పారబోస్తే మళ్ళీ దంచడానికి పసుపు లేదు. ఉన్నదున్నట్టు వినిపిస్తే పొట్లాలు ఎవరూ ముట్టుకోరు. పేరొక్కటే చెప్పించి ఊరుకోవచ్చు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అప్పుడు తట్టలేదు. హైమ సంఘాల వాళ్ళకు కథ ఉందని చెప్పేసింది.

గొంతుపెట్టె మాట మార్చగలదు. గొంతు ఆమెదే ఉంటుంది. నేను చెప్పాను, అది పలికింది. “నా భర్త సముద్రం మీద ఉన్నాడు. క్షేమంగా తిరిగి రావాలని కోరుకుంటూ ఈ కుంకుమ దంచాను.”

నురేయి విని నా వైపు చూసింది. “ఇది నేను చెప్పలేదు.”

“పండుగ వస్తువు మీద చావు మాట చెప్పం, అమ్మా. మా మర్యాద.”

“అబద్ధం కాదా?”

“మర్యాద,” అన్నాను మళ్ళీ.

“మీ దేశంలో పోయినవాళ్ళని దూరంగా ఉన్నారంటారా? బాగుంది.” ఆమె వేలు ఆనించింది. నేనూ ఆనించాను.

మొదటి మాట చెరిపేశాను. దేవుడి గది గోడకు ఆనుకుని అలాంటి మాట ఉండకూడదనిపించింది.

శ్రావణ శుద్ధ నవమి

పొట్లాలన్నీ పోయాయి. రెండో శుక్రవారానికి ముందే. హైమ ఆనందం పట్టలేకుండా ఉంది. పై వీధుల నుంచి ఆడవాళ్ళు నురేయిని చూడడానికి వస్తున్నారు. ఒకామె చీర పెట్టింది. “మీ ఆయన వచ్చేస్తాడమ్మా, బెంగ పెట్టుకోకు,” అంటే నురేయి తలాడించింది. పోయినవాళ్ళ గురించి మాట్లాడే పద్ధతి ఇదే అనుకుని ఉంటుంది. నేను చావడిలోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం సలోమి వచ్చింది. చేతిలో మా పొట్లం. పడవలో ఎవరో వేలు ఆనిస్తే విందట.

“ఈ మాట ఎవరిది, పెద్దక్కగారూ?”

హైమ నవ్వుతూ ఎదురెళ్ళింది. “బాగుంది కదా? జనం ఏడ్చేస్తన్నారు!”

“ఎవరిదని అడిగాను.”

“నాది,” అన్నాను.

సలోమి మెట్టు మీద కూలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“చేతిమాట ప్రమాణం కిందే లెక్క. శ్రోత దాన్ని కూడా వింటుంది.”

ఆశ్రయం అడిగినవాళ్ళు ఈ నేల మీద ప్రమాణం చేసి పలికిన ప్రతి మాటనూ శ్రోత అనే యంత్రం పోగుచేస్తుంది. రెండు ప్రమాణాలు పొసగకపోతే అర్జీ పక్కన పెడుతుంది. నురేయి అర్జీ అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. భర్తను చంపారు, తను చూసింది.

“మీరు డబ్బే ఇచ్చుంటే బాగుండేది,” అంది సలోమి. వెళ్ళిపోయింది.

భాద్రపద శుద్ధ తదియ

కబురొచ్చింది. భర్త బతికే ఉన్నాడని అర్జీదారు స్వయంగా ప్రమాణం చేసినందున అర్జీపై అనుమానం. సంజాయిషీ లేకపోతే వెనక్కి పంపుతారు.

సలోమి చదివి వినిపించింది. నురేయి చావడి మధ్యలో నిలబడి ఉంది. రెండుసార్లు చదవమంది. అప్పుడు నా వైపు తిరిగింది.

“మర్యాద అన్నారు.”

“అవును.”

“నేను అడిగాను. అబద్ధం కాదా అని.”

“అడిగావు.”

ఆమె గోడ పక్కకు వెళ్ళి, ఆరేసిన పసుపు ముక్కల్ని చేత్తో తిరగేయడం మొదలుపెట్టింది. చేయక్కర్లేని పని.

హైమ నన్ను లోపలికి లాగింది. “గొంతుపెట్టె తప్పు పలికిందని చెప్పేద్దాం. పలకవా ఏంటి అవి? పోయినేడాది ఆ అప్పడాల వాళ్ళది తాత గొంతుతో పలికింది, జనం చచ్చేలా నవ్వేరు.”

సలోమి గుమ్మంలోంచి వింది. “అలా చెబితే మీ ముద్ర నిలుస్తుంది. నురేయి అర్జీ కొట్టెయ్యరు. మళ్ళీ మొదట్నుంచి వింటారు. అప్పటిదాకా రేవు శిబిరంలో ఉండాలి.”

“ఉంటే ఏం?”

“ఉప్పు దింపడానికి ఉప్పుమేడల పడవలు ఆ రేవుకే వస్తాయి హైమగారూ. శిబిరానికి గోడ లేదు.”

“మరి వేరే దారి?” అని అడిగాను.

“ఆమె నిజమే చెప్పింది, మార్చింది నేను, అని యజమాని విచారణలో చెప్పాలి. తనకు నష్టమని తెలిసీ చెప్పిన మాటను శ్రోత బరువుగా తూస్తుంది. ముద్ర పోతుంది మరి.”

ముద్ర పోతే చేతిసరుకు అమ్మకూడదు. రోటి గదిలో ఉన్నవాళ్ళందరికీ ఇదే బతుకు.

“తెలిసో తెలియకో చేసేవు,” అంది హైమ వాళ్ళు వెళ్ళాక. “దానికి ఇంతమంది కడుపు కొడతావా?”

“తెలిసే చేశాను.”

జపమాల పట్టుకుని కూర్చున్నాను. ఏం చేయాలో చెప్పమని అడిగాను. చాలాసేపటికి అర్థమైంది. ఏం చేయాలో నాకు తెలుసు. చేయకుండా ఉండే దారి చూపించమని అడుగుతున్నాను. మాల పక్కన పెట్టాను.

భాద్రపద శుద్ధ ద్వాదశి

విచారణ. కొండ నడుమ, పాత బడి గదిలో. విచారణాధికారి అజీజున్నీసాగారు. నా వయసే ఉంటుంది. గోడకు శ్రోత. మాట్లాడదు, చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. నురేయి, సలోమి ఒక బల్ల మీద. హైమ రానంటూనే వచ్చి వెనక కూర్చుంది.

నురేయి చెప్పింది నిజమని, నేను మార్చానని చెప్పాను.

“అసలు మాట ఉందా?”

“చెరిపేశాను.”

“ఎందుకు మార్చారు?”

“పండుగ వస్తువు. చావు మాట చెప్పడం మా ఆచారం కాదు.”

అజీజున్నీసాగారు కళ్ళద్దాలు తీశారు. “అది పండుగ సంగతమ్మా. నేను మీ సంగతి అడిగాను. పేరు మాత్రం చెప్పించి వదిలెయ్యొచ్చు కదా. భర్త బతికున్నాడని ఎందుకు చెప్పించారు?”

నురేయి చెవిలో పెట్టుకున్న అనువాదపు గింజ వైపు చూశాను. ప్రతి మాటా ఆమె భాషలో ఆమెకు చేరుతుంది.

“మొగుడు పోయినామె దంచిన కుంకుమ అని తెలిస్తే ఎవరూ ముట్టుకోరని,” అన్నాను.

“ఎవరూ అంటే?”

“నేను. నేనూ అలాంటిదాన్నే. దంచే గదిలోకి వెళ్ళను. ఎవరూ ఆపలేదు. నా చేతుల్ని నేను చూసుకున్నట్టే ఆమె చేతుల్నీ చూశాను.”

నురేయి తల వంచి తన అరచేతుల వైపు చూసుకుంది. రేఖల్లో ఇంకా ఎరుపు ఉంది. కడిగినా పోదు. ఇన్నాళ్ళూ పోయినవాళ్ళను గౌరవించే మాట ఏదో ఆమెకు ఇచ్చామనుకుంది. ఇప్పుడు తెలిసింది. చేతులు కొంగు కింద పెట్టుకుంది.

ఆ కదలిక కంటే పెద్ద శిక్ష ఈ విచారణలో నాకు ఎవరూ వేయలేరు.

“ఈమెకు ముందే చెప్పారా ఈ కారణం?”

“లేదు.”

వెనక హైమ ముక్కు చీదింది. బయటికొచ్చాక నాతో మాట్లాడలేదు. ఇంటి దాకా మాత్రం నా సంచి అదే మోసింది.

భాద్రపద బహుళ పంచమి

నురేయికి ఆశ్రయం ఇచ్చారు. మా ముద్ర ఏడాది పాటు రద్దు.

దేవుడి ముందు కూర్చున్నాను. కృతజ్ఞత చెప్పబోతే నోరు రాలేదు. ఇచ్చినవాడికి చెప్పవచ్చు. పోగొట్టబోయినదాన్ని నేను.

రోటి గదిలో వాళ్ళకు నేనే చెప్పాను. గడప ఇవతల నుంచి కాదు, లోపలికి వెళ్ళి. ఒకామె రోకలి మూలకు ఆనించి, “పెద్దక్కా, నువ్వు మమ్మల్ని అడిగుంటే నేనే చెప్పుండేదాన్ని,” అంది. “నా మొగుడు వదిలేసి పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెల్దా? బతికున్నాడో లేదో నాకే తెల్దు. నేను దంచట్లేదా?”

తెలుసు. ఆమె సంగతి నాకు తెలుసు. బొట్టు ఉంది కదా అని ఊరుకున్నాను.

వండి ఆరబెట్టిన పసుపు కొమ్ములు విడిగా అమ్మడానికి ముద్ర అక్కర్లేదు. దాంతో సగం కూలి డబ్బులు వెళ్తాయి. మిగతా సగానికి దారి చూడాలి. చేపలు ఆరబెట్టే తడికల వాళ్ళతో మాట్లాడతానంది సలోమి. చావడి పాఠాలు ఆపనంది. “మీ మీద కోపం ఉంది. కానీ చావడికి కప్పు బాగుంది,” అంది. అది క్షమించడం కాదు. పని.

నురేయి తాళ్ళు పేనే కార్ఖానాకు వెళ్ళిపోతోంది. ఆమె కూలితో పాటు హైమ ఒక చీర పెట్టింది. కూలి తీసుకుంది.

నేను మెట్ల దాకా వెళ్ళాను. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా ఆమె చేయవలసిన పనే అవుతుంది.

మొదటి మెట్టు దిగి ఆగింది. “పెద్దక్కా. మీ ఊళ్ళో నా గొంతు ఉంది. ఇళ్ళల్లో. తాబన్ వస్తాడు, తాబన్ వస్తాడు అంటోంది.”

“అవును.”

“ఆపండి.”

“ఒక్కొక్కటీ తెస్తాను.”

“ఊరికే తేవద్దు. తాబన్‌ని ఏం చేశారో వాళ్ళకు చెప్పండి. మీ నోటితో.”

తలాడించాను. వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

పొద్దున్నే పూజ కుదించాను. సంచి తీసుకుని పై వీధులకు బయల్దేరాను. హైమ గుమ్మంలో నిలబడింది.

“పండుగ రోజులు మొదలయ్యేయి. ఇళ్ళకెళ్ళి చావు కబురు చెబుతావా? తిడతారే.”

“తిట్టనీ.”

“నేనూ రానా?”

“మార్చింది నేను కదా.”

కొందరు మాట వినకుండానే పొట్లం తెచ్చి సంచిలో పడేశారు. కుంకుమ వాడేసి ఖాళీ పొట్లం ఇచ్చినవాళ్ళే ఎక్కువ. ఒకాయన డబ్బు వెనక్కి అడిగాడు, ఇచ్చాను. ఒక ముసలావిడ నన్ను మెట్ల కిందే నిలబెట్టి పట్టకారుతో పట్టుకుని పొట్లం కిందికి వదిలింది. అదే భయం నాకు ఉండేది. ఇప్పుడు దాని ముఖం చూశాను. నా ముఖమే.

చెప్పే మాట ప్రతి గుమ్మంలోనూ ఒకటే. ‘ఈమె భర్త పేరు తాబన్. నీళ్ళు లేనివాళ్ళకు నీళ్ళు వదిలినందుకు చంపేశారు. ఆమె చూసింది. వస్తాడని చెప్పించింది నేను.’ మొదటి ఇళ్ళల్లో గొంతు వణికింది. తర్వాత వణకడం మానేసింది. అదీ నచ్చలేదు.

చివరి వీధిలో రేకుల ఇల్లు. తలుపు తీసినామెకు చేతుల నిండా పిండి. వెనక పొయ్యి మీద నూనె కాగుతోంది. మా సంచి గుర్తు చూడగానే ముఖం విప్పారింది.

“మీరు కుంకుమ వాళ్ళేనా అండీ? ఉండండుండండి. అత్తా, కుంకుమ వాళ్ళొచ్చేరు!” నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, పిండి అంటుకుంటుందని చూసుకోలేదు. “వచ్చేడా అండీ ఆవిడ ఆయన? ఆ పొట్లం విన్నప్పట్నుంచి రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని కూడా తలుచుకుంటన్నామండి. మా ఆయన కూడా వలకెళ్తాడు కదా, నాకు తెలుసండి ఆ ఎదురుచూపు. మా పాప కూడా పేరు తెలీక ‘సముద్రం మావయ్య’ అని దణ్ణం పెడతాది. వచ్చేడా?”

దేవుడి గూట్లో పొట్లం ఉంది. ముందు చిన్న దీపం.

చెప్పాను. పేరు చెప్పాను. ఏం చేశారో చెప్పాను. ఆమె దంచుతున్నప్పటికే అతను లేడని చెప్పాను.

ఆమె చేయి వదిలింది. పొయ్యి కట్టేసింది. గూట్లోంచి పొట్లం తీసి, కళ్ళకద్దుకోబోయి ఆగింది. కోపం లేదు. తనకు అర్థమయ్యేలా చెప్పమన్నట్టు అడిగింది.

“మరి ఇన్నాళ్ళూ మాచేత ఎందుకు మొక్కించేరండీ?”

విచారణలో చెప్పిన జవాబు ఉంది నా దగ్గర. ఆ దీపం ముందు అది పనికిరాలేదు.

“తప్పు చేశాను,” అన్నాను.

ఆమె పొట్లం నా చేతిలో పెట్టింది. వేలు తగిలి అది పలకడం మొదలుపెట్టింది. నా భర్త సముద్రం మీద ఉన్నాడు. ముగ్గురం నిలబడి చివరిదాకా విన్నాం. నేనూ, ఆమే, గుమ్మంలో వాళ్ళ అత్తా.

“ఆవిడకి చెప్పండి,” అంది. “మా దణ్ణాలు అబద్ధం కాదని.”

చెప్పే హక్కు నాకు లేదని ఎలా చెప్పను? తలాడించి బయటికి వచ్చాను. పక్క తలుపు తట్టాను.